చర్మం దాచనిది, మనం దాచవలసినది

(రాయచూరులో తెలుగు సంఘాల కూడికలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం)



నన్ను పిలిచినవాళ్లు "ఎయిడ్స్ గురించి అవగాహన" అని టాపిక్ రాసి పంపారు. ఆ మాటలు మీరు చాలాసార్లు విన్నారు. ఎలా వస్తుందో, ఎలా రాదో బస్టాండ్ గోడల మీద కూడా రాసి ఉంది. అది మళ్లీ చెప్పి మీ టైము తీసుకోను. ఇవాళ ఒక్క మనిషి చర్మం గురించి చెబుతాను.

ముందు ఒక మాట. ఆ మనిషి పేరు చెప్పను. ఊరు చెప్పను. మాన్వి వైపా, దేవదుర్గ వైపా, సింధనూరు క్యాంపుల వైపా, ఏదీ చెప్పను. వయసు, చేసే పని కొంచెం మార్చే చెబుతాను. ఆడమనిషా, మగమనిషా అన్నది కూడా మీకు తెలియనివ్వను. అందుకని కథ అయ్యేదాకా "వారు" అనే అంటాను. అది మర్యాద కోసం అనుకున్నా సరే. ఎందుకింత దాపరికం అని మీకు అనిపించవచ్చు. కథ వింటే తెలుస్తుంది.

వారు మా వార్డుకు వచ్చింది మే నెలలో. మే నెలలో రాయచూరు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఫ్యాను కింద కూర్చున్నా వేడిగాలే తగులుతుంది. ఆ ఎండలో వారు మందపాటి దుప్పటి ఒంటి నిండా కప్పుకుని, పళ్లు కొట్టుకుంటూ వణుకుతున్నారు. "చలి పెడ్తాంది అక్కా" అన్నారు. మలేరియా అనుకున్నాం. దుప్పటి తీసి చూస్తే మాటరాలేదు. ముఖం నుంచి కాళ్ల దాకా చర్మమంతా కందిపోయి, పొట్టు రాలుతోంది. మంచం మీద, నేల మీద, దుప్పటి మడతల్లో అంతా పొట్టే. ఇంటి నుంచి వచ్చిన ముసలావిడ "మిల్లులో తవుడు రాలినట్టు రాలుతాందమ్మా, రోజుకు మూడుసార్లు ఊడుస్తున్నా" అంది.

ఆవిడకు తెలియకుండానే జబ్బు పేరు చెప్పేసింది. ఆ జబ్బును పిటిరియాసిస్ రూబ్రా పైలారిస్ అంటారు. పొడుగు పేరు, డాక్టర్లు కూడా పి.ఆర్.పి. అనే అంటారు. అందులో మొదటి మాట తవుడు అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. రెండోది ఎరుపు. మూడోది వెంట్రుకకు సంబంధించినది. 1856లో డెవెర్జీ అనే ఫ్రెంచి వైద్యుడు దీని గురించి రాశాడు. 1980లో గ్రిఫిత్స్ అనే వైద్యుడు దీన్ని ఐదు రకాలుగా విడదీశాడు. హెచ్ఐవీ వచ్చాక, ఆ ఐదింటిలో దేనికీ సరిపడని మనుషులు కనిపించడం మొదలైంది. అప్పుడు ఆరోది కలిపారు. వీరిది ఆ ఆరో రకం. చాలా అరుదైనది. నా సర్వీసులో నేను తెలిసి చూసింది ఆ ఒక్కరినే.

ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లల్లో దీన్ని చూసి ఏమేమో అనేస్తారు. మొదట వెంట్రుక మొలిచే చోట చిన్న చిన్న గట్టి పొక్కులు లేస్తాయి. ఒళ్లు గగుర్పొడిచినప్పుడు లేచేవి చూశారు కదా, అలాంటివే, కానీ మళ్లీ అణగవు. చేత్తో నిమిరితే కొబ్బరి తురిమే పీట మీద చెయ్యి పెట్టినట్టు గరుకుగా తగులుతుంది. తర్వాత అవన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద మచ్చలవుతాయి. అరచేతులు, అరికాళ్లు దళసరిగా, మైనం పూసినట్టు, పసుపు రాసి కడిగినట్టు అవుతాయి, పగుళ్లు వస్తాయి. ఒళ్లంతా కందిపోయినా, మధ్యమధ్యలో రూపాయి బిళ్లంతో, అరచేయంతో మామూలు చర్మం మిగిలి ఉంటుంది, చుట్టూ నీళ్లున్న దీవిలాగా. చర్మ డాక్టరు ఆ దీవులు చూసే అనుమానపడ్డారు. ఆరో రకంలో వీటితోపాటు ముఖం మీద, వీపు మీద పెద్ద పెద్ద మొటిమల్లాంటి గడ్డలు కూడా లేస్తాయి. వీరికి లేచాయి.

పుస్తకాల్లో ఫొటోలు చూస్తే నారింజ రంగు అని ఉంటుంది. ఆ ఫొటోల్లో ఎక్కువ తెల్లవాళ్లవే. మన నల్లచర్మం మీద నారింజ రంగు ఎక్కడ కనబడుతుంది? గోధుమ రంగుగానో, ఇంకా నల్లగానో కనబడుతుంది. చిన్న డాక్టర్లు తికమక పడతారు. నర్సులం మేమూ పడ్డాం.

చర్మం అంతా అలా అయిపోతే ఏమవుతుంది? ఇది అందం సంగతి కాదు. చర్మం మన ఒంటికి గోడలాంటిది. ఆ గోడ పడిపోతే ఒంట్లో వేడి నిలవదు, అందుకే మే నెలలో చలి. నీరు పోతుంది, పొట్టుతో పాటు మాంసకృత్తులు పోతాయి, కాళ్లు వాస్తాయి. చర్మానికి రక్తం పంపీ పంపీ గుండె అలిసిపోతుంది. పగుళ్ల నుంచి చీము పట్టి రక్తంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. వారు మా దగ్గరకు వచ్చేసరికి ఆ అంచు మీద ఉన్నారు.

మరి అంతదాకా ఎక్కడ ఉన్నారు? ఇది చెప్పడానికే నేను వచ్చాను.

ఏడు నెలలు ఉన్నారు. మొదటి నెల "తామర" అన్నారు. మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. దాంట్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పూస్తే రెండు రోజులు తగ్గినట్టు ఉంటుంది, ఆపితే రెట్టింపవుతుంది. తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, మాత్రలు. అవి కూడా స్టెరాయిడ్లే అయి ఉండాలి, ముఖం ఉబ్బి వచ్చారు. హెచ్ఐవీ ఉన్న మనిషికి తెలియకుండా స్టెరాయిడ్ మాత్రలు మింగిస్తే, ఉన్న కాస్త రోగనిరోధక శక్తి కూడా పోతుంది, లోపల నిద్రపోతున్న టీబీ లేస్తుంది. ఆ తర్వాత తాయెత్తులు. ఆ తర్వాత మనవాళ్లు, అంటే మనమే, నూనె రాసి ఉపవాస ప్రార్థన చేశాం. ప్రార్థన చేయడం తప్పని నేను అనను, నేనూ చేసేదాన్నే. కానీ ప్రార్థన అయ్యాక ఎవరైనా ఒకరు వారిని ఆటో ఎక్కించి ఆస్పత్రికి తెచ్చి ఉంటే ఐదు నెలలు మిగిలేవి.

అప్పుడు ఊళ్లో ఎవరో "కుష్టు" అన్నారు. ఆ మాట పుట్టింది అంటే ఇంక ఆగదు. కూలికి పిలవడం మానేశారు. హోటల్లో గ్లాసు వేరే పెట్టారు. ఆ గ్లాసు సంగతి మనకు కొత్తదా? మన తాతల నుంచి చూసిందే. కానీ ఈసారి గ్లాసు వేరే పెట్టింది పెద్ద కులంవాళ్లు మాత్రమే కాదు. ప్రభురాత్రి భోజనం దగ్గర ఒక పెద్దమనిషి వచ్చి మెల్లగా "మీరు చివర్న తీసుకోండి" అన్నారట. అది ఏ సంఘమో అడగకండి. ఎవరికి వాళ్లు మన సంఘం కాదులే అనుకోవడానికి కూడా నేను ఒప్పుకోను.

వారు అప్పటి నుంచి గుడికి పోవడం మానేశారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా మిమ్మల్ని అనడం న్యాయం కాదు. వారి రక్త పరీక్ష ఫలితం వచ్చిన రోజు సాయంత్రం డ్యూటీ నాది. వార్డులో ఎవరో కేసు షీటు అట్ట మీద ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాలు రాసిపెట్టారు. నేను చూశాను, చెరపలేదు. అప్పటికి పద్ధెనిమిదేళ్ల సర్వీసు నాది. హెచ్ఐవీ ముట్టుకుంటే అంటదని పిల్లలకు క్లాసులు చెప్పినదాన్ని. అయినా ఆ రోజు ఆ చేతులకు వాజలీను రాయడానికి రెండు జతల గ్లౌజులు వేసుకున్నాను. పగుళ్లున్న చర్మానికి ఒక జత వేసుకోవడం పద్ధతే, ఎవరికైనా వేసుకోవాలి. రెండోది మాత్రం భయం. వారు నా చేతుల వంక చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు ముసలావిడను పంపించి "నేనే రాసుకుంటానని చెప్పు" అన్నారు. దళసరెక్కి పగిలిన చేతులతో ఎలా రాసుకుంటారు?

సరే. డాక్టరుగారు ఏం చేశారో చెబుతాను, ఎందుకంటే ఆయన చేసిన వరస నాకు ఇప్పటికీ గుర్తు. ముందు కుష్టు అవునా కాదా తేల్చారు. కళ్లు మూయించి, మచ్చ మీద దూదితో తాకి "తెలుస్తోందా?" అని అడిగారు. ప్రతిచోటా తెలిసింది. మోచేతి దగ్గర నరాలు తడిమి చూశారు, ఉబ్బలేదు. కుష్టు కాదు. ఇక్కడ ఆగి ఒక మాట. "హమ్మయ్య, కుష్టు కాదు" అని మనం ఊపిరి పీల్చుకుంటాం కదా, ఆ ఊపిరిలో కూడా కొంచెం పాపం ఉంది. కుష్టుకు మందు ఉంది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఇతరులకు అంటదు. వాళ్లను దూరం పెట్టడానికి కూడా మనకు ఏ కారణమూ లేదు.

తర్వాత సొరియాసిస్ కాదని తేల్చడానికి చర్మం ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రెండూ ఒకేలా కనబడతాయి. ముక్క పరీక్షలో పి.ఆర్.పి. అని వచ్చింది. మొటిమల్లాంటి గడ్డలు చూసి, పక్కకు పిలిచి, కౌన్సెలర్‌ను కూర్చోబెట్టి, ఒప్పుకున్న తర్వాతే హెచ్ఐవీ పరీక్ష చేయించారు. అడగకుండా చేయించలేదు.

ఇది విని రేపు ఎవరి చేతి మీద పొక్కు కనబడినా అనుమానపడకండి, దయచేసి. పి.ఆర్.పి. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి హెచ్ఐవీ ఉండదు. చిన్నపిల్లలకు వస్తుంది, కొన్ని ఇళ్లల్లో వంశంలో వస్తుంది. అలాగే హెచ్ఐవీ ఉన్నవాళ్లలో వేలమందికి పి.ఆర్.పి. రాదు. వాళ్లకు ఎక్కువగా వచ్చేవి దురదపొక్కులు, సర్పి, నోటిలో తెల్లపూత లాంటివి. గజ్జి మాత్రం అంటుకుంటుంది, దానికి వైద్యం ఇంటిల్లిపాదికీ కలిపి చేయాలి. పి.ఆర్.పి. ఎవరికీ అంటదు. ఒకే మంచం మీద పడుకున్నా అంటదు.

ఫలితం చెప్పిన రాత్రి వారు నన్ను పిలిచారు. ఆ రెండు గ్లౌజుల నన్నే పిలిచారు. చావు గురించి అడుగుతారనుకున్నాను. అది అడగలేదు. "అక్కా, ఇది కడుపులో జబ్బయితే ఎవరికీ కనబడేది కాదు. ఇది ఒంటి మీద ఉంది. ఊరికి పోతే అందరూ ఏమైంది ఏమైంది అంటారు. ఏం చెప్పాల?" అన్నారు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. డాక్టరుగారిని అడిగితే ఆయన ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు: పి.ఆర్.పి. అనే చర్మ జబ్బు, అంటువ్యాధి కాదు. కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. "ఇది చూపించండి. ఇది అబద్ధం కాదు, పూర్తి నిజం. దీనికి మించి తెలుసుకునే హక్కు ఊరికి లేదు" అన్నారు. ఆ కాగితం వారు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని జేబులో ఉంచుకున్నారు.

దూరపు ఊరి నుంచి రాయచూరు వచ్చి మాత్రలు తీసుకెళ్లడం అంటే బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి పోతాయి. పైగా ఏఆర్‌టీ కేంద్రం వరుసలో మన ఊరివాళ్లు ఎవరైనా కనబడతారేమోనన్న భయం. అందుకే కొందరు ఇక్కడి మాత్రలు వదిలి వేరే జిల్లాకు పోయి తీసుకుంటారు. చర్మానికి ఒక రోజు, ఏఆర్‌టీకి ఒక రోజు రమ్మంటే ఒకటి మానేస్తారు. ఏది మానేస్తారు? కనబడని జబ్బు మందే మానేస్తారు. కానీ ఈ ఆరో రకంలో చర్మం నెమ్మదించాలంటే ఆ కనబడని జబ్బు మందే ముఖ్యం. వైరస్ అదుపులోకి వస్తే చర్మమూ చాలామందిలో దారికి వస్తుంది. వీరికి ఏఆర్‌టీతో పాటు అసిట్రెటిన్ అనే మందు ఇచ్చారు. దానితో పెదవులు పగులుతాయి, లివరుకు, కొవ్వుకు రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. గర్భం వచ్చే అవకాశం ఉన్న స్త్రీలకు అది మామూలుగా ఇవ్వరు, ఆపాక కూడా మూడేళ్ల దాకా గర్భం రాకూడదు, బిడ్డకు ప్రమాదం. ఇంకో మందు మెథోట్రెక్సేట్ ఉంది కానీ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి వీరికి వద్దనుకున్నారు.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. చర్మ డాక్టరుకు హెచ్ఐవీ ఉన్న సంగతి చెప్పకపోతే ఆయన తప్పు మందు రాయవచ్చు. కొన్ని ఏఆర్‌టీ మందులతో కొన్ని స్టెరాయిడ్లు కలిస్తే చిన్న మోతాదు కూడా ఒంట్లో పేరుకుపోతుంది. కాబట్టి చెప్పాలి. చెబితే అట్ట మీద ఎర్ర ఇంకు పడుతుందని భయం. కాబట్టి చెప్పరు. ఆ ఎర్ర ఇంకు రాసినవాళ్లు తమకు జాగ్రత్త అనుకుని రాస్తారు. దానివల్ల తర్వాత వచ్చే పదిమంది నోరు మూసుకుంటారు. నేను నర్సుగా నేర్చుకున్న వాటిలో ఇది చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను: రహస్యం కాపాడటం మర్యాద కాదు, మందు ఇచ్చినట్టే అది కూడా వైద్యం.

చట్టం కూడా అదే అంటోంది. 2017లో పార్లమెంటు హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, పనిలోంచి తీయకూడదు, అద్దె ఇల్లు ఖాళీ చేయించకూడదు, బడిలో పిల్లలను వేరుగా కూర్చోబెట్టకూడదు. నమ్మి చెప్పిన సంగతిని ఆ మనిషి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. పాస్టరుగార్లూ, ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. "ఫలానా వారికి ఫలానా జబ్బు, ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టడం ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. నమ్మి మీకు చెప్పిన సంగతి అది. పేరు చెప్పకుండా కూడా ప్రార్థించవచ్చు, దేవునికి పేరు తెలుసు. ఇంకొకటి, ఈ చట్టం కింద కోర్టుకు పోవాలంటే అసలు పేరు బయటికి రాకుండా మారుపేరుతో పోవచ్చు. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రానికి అంబుడ్స్‌మన్ ఉండాలని కూడా చట్టంలో ఉంది. సలహా కావాలంటే 1097కు ఫోను చేయవచ్చు, డబ్బులు పడవు.

ఇంక మన బైబిలు. లేవీయకాండం 13వ అధ్యాయం మన గుళ్లల్లో ఎవరూ చదవరు, చదివినా నిద్ర వస్తుంది. నేను నర్సును కాబట్టి ఆసక్తిగా చదివాను. యాజకుడు చర్మం చూసి తేల్చడం అంతా అందులో ఉంటుంది. మన తెలుగు బైబిల్లో దాన్ని కుష్ఠము అన్నారు కానీ, అదే మాటను బట్టల మీద, ఇంటి గోడల మీద మచ్చలకు కూడా వాడారు. బట్టకు కుష్టు వస్తుందా? కాబట్టి అది ఇప్పటి కుష్టు ఒక్కటే కాదు, చాలా రకాల చర్మ మార్పులు కలిపి చెప్పిన మాట. 12, 13 వచనాలు చూడండి. తల నుంచి కాళ్ల దాకా ఒళ్లంతా వ్యాపించి తెల్లబారితే యాజకుడు ఆ మనిషిని పవిత్రుడని చెప్పాలట! మచ్చ ఒకచోట ఉంటే బయట, ఒళ్లంతా ఉంటే లోపల. పండితులు దీనికి రకరకాల అర్థాలు చెబుతారు. నాకైతే దుప్పటి కింద వణికిన ఆ మనిషే గుర్తొస్తారు.

సంఖ్యాకాండం 12లో మిర్యాము సంగతి మీకు తెలుసు. ఆమె తప్పు చేసింది, అందుకు చర్మం తెల్లబారింది అని మనం చెబుతాం. పిల్లలకు కూడా అంతవరకే చెబుతాం. తర్వాతి వచనం చెప్పం. ఆమె ఏడు రోజులు పాళెం బయట ఉంటే, ఆమె తిరిగి వచ్చేదాకా జనమంతా ప్రయాణం ఆపుకుని అక్కడే ఉన్నారు. ఎడారిలో అంతమంది, పిల్లాజెల్లా, పశువులు. ఒక్కరినీ వదిలి ముందుకు పోలేదు.

అందరూ నన్ను అడుగుతారు, ఆ మనిషికి ఏమైందని. చర్మం పూర్తిగా మామూలు కాలేదు. వణుకు పోయింది, పొట్టు తగ్గింది, ముద్ద కలుపుకునేంతగా చేతులు మెత్తబడ్డాయి. అది కూడా ఆరేడు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి మాత్రలు ఆపేశారు, చర్మం మళ్లీ మొదటికి వచ్చింది, మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తక్కువలో ఉంది. అలా ఉన్నంతకాలం శారీరక సంబంధం వల్ల కూడా ఇతరులకు పోదు, ఇది వైద్యం తేల్చిన విషయం.

నేను రిటైరయ్యే ముందు ఒకరోజు ఓపీలో కనబడ్డారు. "అక్కా, చెయ్యి చూడు" అని చాచారు. నేను పట్టుకుని చూశాను, మామూలు చేత్తో. కొంచెం గరుకు ఇంకా ఉంది. గుడికి పోతున్నారా అని అడిగాను. "పోతున్నా. వేరే ఊరి గుడికి" అన్నారు.

ఇంక ప్రశ్నలు అడగండి. చర్మం గురించి అడగండి, మందుల గురించి అడగండి, చట్టం గురించి అడగండి. అందరిలో అడగడానికి మొహమాటంగా ఉంటే టీ తాగేటప్పుడు ఒంటరిగా వచ్చి అడగండి. మీవాళ్ల గురించైనా సరే, పేరు మాత్రం నాకు చెప్పకండి.